మా ఊరి గుట్ట సీసీ రోడ్డు: సైకిల్ దిగకుండ ఎక్కుడు అయితదా?

గుట్టకింది సైకిల్ | నల్లగొండ జిల్లా | ఆగస్టు 3

అందరికి నమస్తే. దేవరకొండ రోడ్డు మీద మా ఊరు. ఊరెనక శివాలయం గుట్ట ఉంటది. మునుపు మెట్లే ఉండె. నాలుగేండ్ల కింద కార్లు పైదాక పోవాలని సీసీ రోడ్డు ఏసిన్రు. టేపు పెట్టి కొలిస్తే 420 మీటర్లు, రెండు మూలమలుపులు. గంతే. చిన్న రోడ్డే గని బైకు సుత ఫస్టు గేర్లనే ఏడ్సుకుంట పోతది. ఆటోవాళ్లయితే రెండో మలుపు కాడ మనుషుల్ని దింపి ఖాళీ బండి ఎక్కిస్తరు.

నాది 26 ఇంచుల గేర్ల సైకిల్. ముందు మూడు పళ్ల చక్రాలు, ఎనక ఏడు. ఇప్పటికి మూడుసార్లు ఎక్కిన, మూడుసార్లూ రెండో మలుపు కాడ్నే దిగిన. మొదటిసారి దమ్ము అయిపోయింది. రెండోసారి ముందు చక్రం గాల్లకు లేసింది. మూడోసారి ఇట్ల కాదని సీటు మీదికెల్లి లేసి తొక్కితే ఎనక చక్రం గిర్రున తిరిగి పక్కకు పడ్డ. మోచెయ్యి గీరుకపోయింది.

పొద్దుగాల గుడికి పాలు తీస్కపోయే పెద్దాయన ఒకాయన ఉంటడు. పాత కాలపు సైకిలు, గేర్లు లేవు, ఎనక క్యారేజీకి పాల క్యాను. గుట్ట కిందనే దిగి నూకుకుంట పోతడు. నేను పడ్డకాడికి వచ్చి నిలబడి "బిడ్డా, గా సైకిలు ఎంతకు కొన్నవ్?" అన్నడు. చెప్పలే.

మా బావ ఫోన్ల చూస్తే 30 శాతం అని వచ్చింది. 30 శాతం చడావు మనిషితోని అయితదా అసలు?

పాలమూరు పెడల్ | మహబూబ్‌నగర్ | ఆగస్టు 3

30 ఆ? అన్నా, ఇటలీల జొంకొలాన్ అని ఒక కొండ ఉంటది. పేరు చెప్తెనే రేసు సైకిలోళ్లకు చెమట పడ్తది. పది కిలోమీటర్లు, సగటు 12 దగ్గర, ఎక్కువల ఎక్కువ 22 శాతం. స్పెయిన్ల ఆంగ్లిరూ అయితే ఒక్క ముక్క కాడ 23.5. మీ ఊరి గుట్ట 30 అంటే వచ్చే ఏడు ఇటలీ సైకిల్ రేసు దేవరకొండ రోడ్డు మీద పెట్టియ్యాలె, నేనే వాలంటీర్ వస్త.

మీ బావ ఫోన్ యాడ పెట్టి చూసిండో ముందుగాల అడుగు.

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 3

నవ్వుతె నవ్వు గని, వచ్చి ఎక్కు ఒకసారి. ఫోన్ సైకిల్ నడిమి కడ్డీ మీద పెట్టి చూసిండు. సైకిల్ రోడ్డు మీదనే నిలబెట్టిండు కదా, సక్కగనే వస్తది.

లెవెల్ పైపు | సూర్యాపేట | ఆగస్టు 4

తమ్ముడూ, సక్కగా రాదు. నేను రోడ్ల పనుల్లో 31 ఏళ్లు చేసి రిటైరయిన మనిషిని, కొంచెం ఓపికగా చదువు.

మీ లాంటి సైకిళ్లకు నడిమి కడ్డీ నేలకు సమాంతరంగా ఉండదు. సీటు దగ్గర కిందికి, హ్యాండిల్ దగ్గర పైకి ఉంటుంది. నువ్వు ఎక్కే దిక్కుకు సైకిల్ నిలబెట్టి దాని మీద ఫోన్ పెడితే, రోడ్డు వాలుకు కడ్డీ వాలు కూడా కలిసి వస్తుంది. మీ బావ కొలిచింది రోడ్డునీ సైకిల్‌నీ కలిపి.

ఇంకొకటి. శాతం వేరు, డిగ్రీలు వేరు. 100 మీటర్లు అడ్డంగా పోతే 17 మీటర్లు పైకి లేచిందనుకో, అది 17 శాతం. డిగ్రీల్లో అది పదికి కొంచెం తక్కువే. 45 డిగ్రీలంటే 100 శాతం. ఈ రెండూ కలిపేసి "మా ఊళ్లో 30 డిగ్రీల రోడ్డుంది" అనేవాళ్లను చాలామందిని చూశాను. 30 డిగ్రీలంటే దాదాపు 58 శాతం. అక్కడ సైకిల్ కాదు, మేక నిలబడాలి.

మేస్త్రీల దగ్గర నీళ్ల లెవెల్ పైపు ఉంటుంది కదా, అది తీసుకో. రోడ్డు మీద వాలు వెంట టేపుతో సరిగ్గా 10 మీటర్లు గుర్తు పెట్టు. పై గుర్తు దగ్గర పైపులో నీళ్ల మట్టం నేలను తాకేలా పట్టుకో. కింది గుర్తు దగ్గర కర్ర నిలబెట్టి, నీళ్ల మట్టం ఎంత ఎత్తులో ఉందో చూడు. మీటరున్నర వచ్చిందంటే సుమారు 15 శాతం. పైపులో గాలి బుడగ లేకుండా చూసుకో. కొలిచి రాయి, తర్వాత మాట్లాడుదాం.

మరో మాట కూడా చెప్పాలి. రోడ్ల కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల ప్రకారం కొండ ప్రాంతంలో రోడ్డుకు మామూలుగా 5 శాతం, బాగా ఏటవాలు ప్రాంతంలో 6 శాతం వాలు పెడతారు. వేరే దారి లేకపోతే 8 శాతం దాకా ఒప్పుకుంటారు. శ్రీశైలం హైవే ఘాట్ పొడవెక్కువ అనిపిస్తుందే గాని గోడలా అనిపించకపోవడానికి కారణం ఇదే. ఊరి గుట్టల మీద వేసే సీసీ రోడ్లకు ఈ లెక్క పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్థలం ఎంత ఉంటే అంతలో పైకి తెచ్చేస్తారు. నేనూ అట్లాంటివి ఒకటి రెండు వేయించాను, అబద్ధమెందుకు.

అచ్చంపేట టీచరమ్మ | నాగర్‌కర్నూల్ జిల్లా | ఆగస్టు 4

సార్ చెప్పింది నిజం. హాజీపూర్ నుంచి మన్ననూరు ఘాట్ నేను నెలకు రెండుసార్లు ఎక్కుత. ఒక గేరు పట్టుకుని పాఠం చెప్పుకుంటూ పోవచ్చు. ఈగలపెంట నుంచి కిందికి కృష్ణ దాకా దిగి మళ్ల పైకి రావడం ఇంకా గట్టిది, అది కూడ ఊపిరి అందే చడావే. అదే ఉమామహేశ్వరం గుడి రోడ్డు చూడు, పొడవు తక్కువ, పిక్కలు మాత్రం పట్టేస్తయ్. పొడుగు ఘాట్ వేరు, నిలువు గుట్ట వేరు. మొదటిదాంట్ల ఓపిక పరీక్ష, రెండోదాంట్ల గేరు పరీక్ష.

కొత్తోళ్లు ఎవరన్న మన్ననూరు పోతే ఒకటి గుర్తు పెట్టుకోండి. అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టుల దగ్గర బండ్లు ఆపేస్తరు. "తెల్లవారుజామున 4 కే ఎక్కుడు మొదలు పెడ్త" అనే ప్లాన్లు అక్కడ నడవవు.

తమ్మీ, నీకు ఒక ప్రశ్న. ముందు చక్రం లేసినప్పుడు నువ్వు సీట్ల యాడ కూసున్నవ్?

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 4

ఎప్పటిలెక్కనే అక్కా. సీటు నిండ కూసుని హ్యాండిల్ గుంజి పట్టుకున్న.

అచ్చంపేట టీచరమ్మ | ఆగస్టు 4

అదే తప్పు. హ్యాండిల్‌ను నీ మీదికి గుంజితే చక్రం లేవక ఏం చేస్తది. సీటు ముక్కు మీదికి జరుగు, ఇబ్బందిగనే ఉంటది, భరించాలె. మోచేతులు వంచి కిందికి దించు, ఛాతీ హ్యాండిల్ దగ్గరికి తీసుకపో. చేతులు పైకి కాదు, కిందికి, ఎనక్కి పట్టాలె. పూర్తిగ నిలబడితే ఎనక చక్రం మీద బరువు పోతది, నీ మూడోసారి అయింది అదే. కూసోవాలె, కూసోనట్టు ఉండాలె. రోడ్డు మీద పాచి ఉందా?

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 4

రెండో మలుపు లోపలి దిక్కు ఉంది. వాన నీళ్లు అక్కడికెల్లే కారుతయ్.

డునెడిన్ల నకిరేకల్ పిలగాడు | న్యూజిలాండ్ | ఆగస్టు 5

అన్నలు, అక్కలు, ఇంత దూరంల ఉండి మన గుట్టల ముచ్చట చదివితే పానం లేసొచ్చింది. నేను డునెడిన్ల చదువుకుంటున్న. 35 శాతం రోడ్డు మా రూము నుంచి బస్సుల పోయేంత దూరంల ఉంది. బాల్డ్‌విన్ స్ట్రీట్. ప్రపంచంల అన్నిటికన్న నిలువు వీధి అని గిన్నిస్‌ల ఉన్నది అదే. మొత్తం 350 మీటర్లు, అంటే మన అన్న గుట్ట కన్న చిన్నదే. కింద సగం మామూలుగనే ఉంటది. పై 160 మీటర్లు మాత్రం చూస్తే ఇండ్లు వంకరగ కట్టినట్టు కొడ్తది. ఇండ్లు సక్కగనే ఉంటయ్, వంకర మన కండ్లది.

ఆ వీధి అంత నిలువు ఎందుకు అంటే, ఇక్కడోళ్లు చెప్పే కథ నవ్వొస్తది. ఊరి ప్లాను లండన్ల కూసుని గీసిన్రట, కాయితం మీద గళ్లు గళ్లు. నేల ఎట్ల ఉందో చూడలే. గీత కొండ మీదికెల్లి పోయింది, రోడ్డు సుత గట్లనే పోయింది.

2019ల వేల్స్ దేశంల హార్లెక్ అనే ఊరోళ్లు మాది 37.45 శాతం అని గిన్నిస్ పేరు గుంజుకున్నరు. ఇక్కడ మస్తు బాధపడ్డరు. 2020ల మళ్ల కొలిచిన్రు. మలుపు తిరిగే రోడ్డుకు లోపలి అంచు పట్టుకుని కొలవొద్దు, నడిమి గీత మీద కొలవాలె అన్నరు. గట్ల కొలిస్తే హార్లెక్ 28.6కు పడిపోయింది, పేరు మళ్ల బాల్డ్‌విన్‌కే వచ్చింది. మీ బావ కడ్డీ లెక్క చదవంగనే గదే యాదికొచ్చింది.

నేను సైకిల్ మీద ఎక్కలే. నడిచే ఎక్కిన. నడుస్తెనే మడమలు నేలకు ఆనలే.

పాలమూరు పెడల్ | ఆగస్టు 5

ప్రపంచ రికార్డుల సుత బావలు ఉంటరన్నట్టు.

లెవెల్ పైపు | ఆగస్టు 5

హార్లెక్ సంగతి మంచి ఉదాహరణ. మూలమలుపులో లోపలి అంచు దూరం తక్కువ, ఎక్కాల్సిన ఎత్తు మాత్రం అంతే. అందుకే లోపలి వైపు గోడలా ఉంటుంది, బయటి వైపు మెత్తగా ఉంటుంది. తమ్ముడు మూడుసార్లూ రెండో మలుపులోనే ఎందుకు దిగాడో నాకు అర్థమైంది. ఆ మలుపు ఎక్కేటప్పుడు ఎడమకు తిరుగుతుందా?

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 5

అవ్ సార్, ఎడమకే. మీకెట్ల తెలిసింది?

లెవెల్ పైపు | ఆగస్టు 5

మనం ఎడమ పక్కన పోయేవాళ్లం. ఎడమ మలుపు వస్తే నియమం ప్రకారం పోయే మనిషి లోపలి అంచుకే చేరతాడు. పాచి కూడా అక్కడే ఉందన్నావు.

మామూలు మనిషి | హాలియా | ఆగస్టు 6

ఏమనుకోకుండ్రి. గుడికి నడిచి పోతే పుణ్యం, బండి మీద పోతే సుఖం. సైకిల్ మీద పోతే ఏమొస్తది? 45 ఏండ్లు దాటినోళ్లు ఇవి చదివి ఎక్కి గుండె పట్టుకుంటే ఎవరు జవాబు?

అచ్చంపేట టీచరమ్మ | ఆగస్టు 6

అన్నా, నాకు 47. మీరన్న భయం తప్పు కాదు, ఏమన్న బీపీ, గుండె ముచ్చట ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ నిలువు గుట్టల జోలికి పోవద్దు. ఛాతీల బరువనిపిస్తే దిగాలె, సిగ్గుపడొద్దు. ఏమొస్తది అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్ల కూడ ఇదే అడుగుతరు.

ఫ్రీవీల్ మామ | మిర్యాలగూడ | ఆగస్టు 6

నేను సైకిల్ మెకానిక్‌ను. గంట నుంచి చదువుతున్న, ఒక్కలన్న పండ్లు లెక్కపెట్టమని చెప్పిన్రా? గేర్లు 21 అంటే ఏం లాభం. ముందు చిన్న చక్రానికి ఎన్ని పండ్లు, ఎనక పెద్ద చక్రానికి ఎన్ని పండ్లు, గదొక్కటే గుట్టకు పనికొచ్చే లెక్క. లెక్కపెట్టి చెప్పు అల్లుడూ.

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 6

ముందు చిన్నది 24. ఎనక పెద్దది 28.

ఫ్రీవీల్ మామ | ఆగస్టు 6

అనుకున్న. 14 నుంచి 34 పండ్ల ఫ్రీవీల్, అంటే ఎనక పళ్ల చక్రాల గుత్తి, దొరుకుతది, ఏడు చక్రాలదే, మర తిప్పి ఎక్కించేదే. నీ సైకిల్‌కు పడ్తది. కాని ఎనక గేరు మార్చే సెట్టు చిన్న చెయ్యిదైతే 34ను అందుకోదు, రాసుకుంటది. పొడుగు చెయ్యిది ఉండాలె. గొలుసు సుత పాతది పొట్టిగ అయితది, కొత్తది ఏపియ్యి. ఫ్రీవీల్ ఇప్పనీకి పానా గాడి సరిగ్గ కూసునేదే వాడమను. సుత్తెతోని కొట్టి ఇప్పెటోళ్లు ఉంటరు, వాళ్ల దగ్గరికి పోకు.

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 10

కొలిచిన! మేస్త్రీ తమ్ముణ్ని బతిమాలి పైపు తెచ్చిన. ఆదివారం పొద్దుగాల నేను, బావ, ఇద్దరు పోరలు. ఊరోళ్లు రోడ్డు మళ్ల ఏస్తున్నరనుకుని వచ్చి, మా ఇంటి దిక్కు సుత ఏపియ్యమని బావను అడిగిన్రు.

10 మీటర్ల టేపుకు మొదటి మలుపు కింద 90 సెంటీమీటర్లు. రెండు మలుపుల నడుమ 1 మీటరు 20. రెండో మలుపు దాటినంక పైముక్క 1 మీటరు 68. మలుపుల లోపలి అంచు మీద పైపు సాగలే, మేస్త్రీ మట్టం కర్ర మీటరుది పెట్టి చూస్తే 24 సెంటీమీటర్లు లేసింది. బయటి అంచున 11.

అంటే ఎక్కువల ఎక్కువ 24, సార్. 30 లేదు. బావ అలిగిండు.

లెవెల్ పైపు | ఆగస్టు 10

శభాష్. టేపు వాలు వెంట పెట్టావు కనుక 1.68 అంటే సరిగ్గా 17 శాతం. ఇప్పుడు లెక్క చూడు. నీ బరువు ఎంత?

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 10

68. సైకిల్ 15 ఉంటది.

లెవెల్ పైపు | ఆగస్టు 10

మొత్తం 83 కిలోలు. 17 శాతం మీద నిన్ను వెనక్కి గుంజే బలం, టైరు రాపిడి కూడా కలిపి, సుమారు 14న్నర కిలోల బరువంత. 24, 28 పండ్లతో అయితే పెడల్ మీద సగటున 24 కిలోల ఒత్తిడి ఆగకుండా పెట్టాలి. మామ చెప్పిన 34 వేస్తే అది 20కి దిగుతుంది. నాలుగు కిలోలే కదా అనుకోకు, ప్రతి తొక్కుకూ నాలుగు.

నిమిషానికి 60 సార్లు తిప్పితే 34 పండ్లతో గంటకు 5 కిలోమీటర్ల చిల్లర వేగం వస్తుంది. ఆ వేగానికి 200 వాట్ల పైన కావాలి. పాత 28తో అదే 60 తిప్పాలంటే 6.4 కిలోమీటర్ల వేగంతో పోవాల్సిందే, అప్పుడు 250 వాట్లు. అంత దమ్ము లేకపోతే నెమ్మదిగా తిప్పుతావు, మోకాళ్ల మీద పడుతుంది, చక్రం ఆగి ఆగి తిరుగుతుంది, ముందు చక్రం లేస్తుంది. నీ మూడు పడుడులకూ మూలం ఒకటే.

ఆ పాలాయన సైకిల్ లెక్క కూడా కట్టాను, సరదాకు. పాత సైకిళ్లకు ముందు 44, వెనక 18 పండ్లుంటాయి. అదే 83 కిలోల బరువుకు సగటున 73 కిలోల ఒత్తిడి పెట్టాలి. 68 కిలోల మనిషి ఒక్కో పెడల్ మీద మొత్తం బరువు వేసి నిలబడ్డా, పెడల్ గుండ్రంగా తిరుగుతుంది కనుక సగటున 43 కిలోలే పని చేస్తాయి. అంటే ఆయన కింద దిగి నూకుతున్నాడంటే ఓపిక లేక కాదు. లెక్క తెలిసిన మనిషి.

పాలమూరు పెడల్ | ఆగస్టు 11

సార్, అడ్డంగ పాములెక్క తిప్పుకుంట పోతే? నేను మన్యంకొండ గుడి గుట్ట ఎక్కేటప్పుడు గదే చేస్త. తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి అంటరు కదా, దానికి తోడు సక్కగ తొక్కని నేను.

లెవెల్ పైపు | ఆగస్టు 11

పని చేస్తుంది. 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తూ పోతే 17 శాతం 12 అవుతుంది, దూరం మాత్రం పది అడుగులకు పద్నాలుగు అవుతుంది. ఎక్కే ఎత్తు మారదు కాబట్టి మొత్తం శ్రమ తగ్గదు, బలం మాత్రం తక్కువ చాలు.

అచ్చంపేట టీచరమ్మ | ఆగస్టు 11

కాయితం మీద బాగుంది సార్. కాని 12 అడుగుల సీసీ రోడ్డు మీద అంచుకు పోయిన ప్రతిసారి తిరగాలె, నడకంత వేగంల తిరుగుతుంటే సైకిల్ తూలుతది. పైనుంచి బండి బ్రేకు పట్టుకుంట దిగుతుంటే ఏం చూసుకుంటరు? గుడి గుట్టల మీద అసలు వద్దు. చెర్వుగట్టు గుడికి అమావాస్యనాడు పోయి పాములెక్క తిప్పుతా అంటే జనమే కొడ్తరు.

తమ్మీ, నువ్వు రెండో మలుపు బయటి అంచున పోవాలె, అంటే ఎదురొచ్చే బండ్ల దిక్కుకు. ఒక మనిషిని మలుపు కాడ నిలబెట్టకుండ ఆ పని చెయ్యకు. పొద్దుగాల ఆరు లోపల ఎక్కు. ఎండ పడితే ఆ రాయి పెనంలెక్క కాలుతది, అంత మెల్లగ పోతుంటే గాలి కూడ తగలదు. ఇంకొకటి, జేబుల అరటిపండు పెట్టుకోకు. నేను ఉమామహేశ్వరం రోడ్డు మీద కోతితోని పోటీ పడ్డ, కోతే గెలిచింది.

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 24

మిర్యాలగూడ పోయి మామ దగ్గర్నే ఏపిచ్చిన. 34 ఫ్రీవీల్, పొడుగు చెయ్యి, కొత్త గొలుసు. మామ చాయ్ సుత పోసిండు.

ఇయ్యాల ఎక్కిన. దిగలే.

ఆరు గాక ముందే మొదలుపెట్టిన. బావను రెండో మలుపు కాడ నిలబెట్టిన, అలక తీరింది గని ఇంకా 30 అనే అంటుండు. మొదటి మలుపు దాక గేరు దింపొద్దనుకున్న, దమ్ము రాకముందే దింపిన, అదే మంచిదయింది. రెండో మలుపు కాడ బావ చెయ్యి ఊపంగనే బయటి అంచుకు పోయిన, ముక్కు మీద కూసున్న, అక్క చెప్పినట్టు మోచేతులు కిందికి. చక్రం లేవలే. అటెనక పైముక్క. కాళ్లు కాదు, చెవులు కొట్టుకున్నయ్.

ఒక ముచ్చట చెప్పాలె. నేను మొదలుపెట్టేటప్పటికి పాలాయన మొదటి మలుపు దాటి సైకిల్ నూకుకుంట పోతుండు. మలుపుల నడుమ అందుకున్న. అందుకున్న అంటే పక్కకు వచ్చిన, దాటలే. నేను గంటకు ఐదు, ఆయన నాలుగు, నాలుగున్నర. పైదాక పక్కపక్కనే పోయినం. ఆయన ముచ్చట్లు చెప్పుకుంటనే ఉన్నడు, గేదె ఈనిందట, దూడ ఆడదట. నేను ఊకొట్టనీకి సుత దమ్ము లేదు. పైన గుడి ముంగట నేను కాలు పెట్టేసరికి ఆయన ఇరవై అడుగులే ఎనక.

దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లు కాలిన వాసన వచ్చింది. అది మంచిదేనా మామా?

పాలమూరు పెడల్ | ఆగస్టు 24

ఎక్కినవ్! వీడియో ఏది?

ఫ్రీవీల్ మామ | ఆగస్టు 24

మంచిది కాదు అల్లుడూ. పొడుగునా పట్టుకునే దిగినట్టున్నవ్. సక్కటి ముక్కల మీద గట్టిగ పట్టి వేగం తగ్గించు, మళ్ల ఇడువు, రిమ్ముకు జెర గాలి తగలనియ్యి. ముందుది, ఎనకది రెండూ వాడాలె, ముందుదొక్కటే గట్టిగ గుంజితే తలకిందులు. రబ్బర్లు నున్నగ అద్దంలెక్క మెరుస్తుంటే సాండ్ పేపర్ ఏసి గరుకు చెయ్యి. 420 మీటర్లకు రిమ్ము వేడికి ట్యూబు పగలదు గని, ఇదే అలవాటుతోని పెద్ద ఘాట్ దిగితే పగుల్తది.

లెవెల్ పైపు | ఆగస్టు 24

చాలా సంతోషం తమ్ముడూ. పాలాయనకు క్యాను ఎన్ని లీటర్లు? లెక్క మళ్లీ కట్టాలి.

గుట్టకింది సైకిల్ | ఆగస్టు 25

పదిహేను లీటర్లు సార్. మీ లెక్క ఆయనకు చెప్పిన. "73 కిలోలా, నా బరువు 55" అన్నడు. అని సైకిల్ ధర మళ్ల అడిగిండు. ఈసారి చెప్పిన. మా ఊర్ల గేదె ధర ఎంతనో చెప్పి ఎల్లిపోయిండు.